కాకి, తాటిపండు, నా ఎడమకాలు

పక్షవాతం వచ్చి మంచం పట్టిన మనిషి మళ్ళీ నాలుగడుగులు వేస్తే ఆ ఘనత ఎవరి ఖాతాలో వెయ్యాలి? మన సమాజంలో ఈ ప్రశ్నకు జవాబులు బోలెడు. కొండమీద దేవుడి ఖాతాలో వెయ్యొచ్చు. ముక్కులో ఆకుపసరు పిండిన నాటువైద్యుడి ఖాతాలో వెయ్యొచ్చు. మెడ కోసి నెత్తురు రోగి ఒంటికి పట్టించిన పావురం ఖాతాలో కూడా వెయ్యొచ్చు (పాపం, దానికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు). ఒక్క ఖాతాలో మాత్రం ఎవరూ వెయ్యరు. రోజూ పొద్దున్నే ఇంటికొచ్చి, గంటసేపు తాను చెమటోడ్చి, రోగిచేత కూడా చెమటోడ్పించి వెళ్ళే ఫిజియోథెరపిస్టు ఖాతాలో. ఆ మనిషిని మనవాళ్ళు "మసాజ్ చేసే అమ్మాయి" అంటారు. అక్కడితో సరి.

ఈ విషయం గురించి మాట్లాడే అర్హత నాకు కొంత ఉంది. గత ఏడాది నా మెదడులో కుడివైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు, ఆ తర్వాత ఇంట్లోనే ఐదు నెలల ఫిజియోథెరపీ. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తున్నాను. ఈ వ్యాసం రెండు చేతులతోనూ టైపు చేస్తున్నాను, ఎడమచెయ్యి కాస్త వెనకబడుతున్నా.

ఆ ఐదు నెలల్లో మా ఇంటికొచ్చిన చుట్టాల్లో సగంమంది పరామర్శకొచ్చారు, మిగతా సగం ప్రతీకారానికొచ్చారు. ముప్పై ఏళ్ళుగా దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చినవాడు కాలు కదపలేక పడుంటే అంతకంటే మంచి అవకాశం ఎప్పుడు దొరుకుతుంది? "ఇప్పుడైనా నమ్ముతావా బావా?" అని అడిగాడు ఒకాయన. "రెండు పూటలా పూజచేసే మీ అన్నయ్యకు కూడా ఇదే జబ్బొచ్చిందిగా, ఆయనేం పాపం చేశాడు?" అన్నాను. "అది దేవుడు పెట్టిన పరీక్షలే" అన్నాడు. అదన్నమాట సంగతి. ఆస్తికుడికొస్తే పరీక్ష, నాస్తికుడికొస్తే శిక్ష. ఏ ఫలితమొచ్చినా చెడని సిద్ధాంతం అంటే ఇదే. చెడటానికి అందులో విషయమంటూ ఏదన్నా ఉంటే కదా!

సరే, అసలు విషయానికొద్దాం. నాలుగో వారంలో నేను గోడ పట్టుకుని లేచి నిలబడ్డాను. అదే రోజు మా మరదలు ఫోన్ చేసి, నా పేరున మొక్కుకున్నానని, మొక్కు ఫలించిందని చెప్పింది. ఆ అమ్మాయి ప్రేమను నేను కాదనను. కానీ లెక్క మాత్రం ఒప్పుకోను.

తాటిపండు ఎందుకు పడింది?

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలడంవల్లే పండు పడిందనుకుంటే పొరపాటని మన పెద్దలే ఏనాడో గుర్తించి దానికి "కాకతాళీయం" అని పేరు కూడా పెట్టారు. మాట మిగిలింది. బుద్ధి మాత్రం మిగల్లేదు.

మెదడులో రక్తప్రసారం ఆగిపోతే కొంతభాగం చచ్చిపోతుంది. చచ్చిన కణాలు తిరిగిరావు. అయితే దాని చుట్టూ వాపు వల్ల, రక్తం తగ్గడం వల్ల మూగబోయిన భాగాలు క్రమంగా తేరుకుంటాయి. మిగిలిన ఆరోగ్యకరమైన భాగాలు పోయిన పనిని కొంతవరకు తామే నేర్చుకుంటాయి. చాలామందిలో ఈ కోలుకోవడం మొదటి వారాల్లో వేగంగా, మొదటి మూడు నెలల్లో ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, కానీ సాధన మానకపోతే చేసే పనుల్లో మెరుగుదల ఇంకా వస్తుంది.

నాటువైద్యుల సౌభాగ్యమంతా ఆ మొదటి మూడు నెలల్లోనే ఉంది. రోగిని వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళేది అప్పుడే. ఏమీ చెయ్యకపోయినా ఎంతో కొంత మెరుగయ్యేది కూడా అప్పుడే. కాకి వాలేదీ పండు రాలేదీ ఒకే ముహూర్తానికి కుదిరిందన్నమాట.

దీనికి తోడు మనవాళ్ళు మూడు వేర్వేరు జబ్బులను ఒకే పేరుతో పిలుస్తారు. మొహంలోని నరం వాచి మూతి వంకరపోయే జబ్బు ఒకటుంది, దాన్ని బెల్స్ పాల్సీ అంటారు. దానికి మెదడుతో సంబంధం లేదు. పదిమందిలో సుమారు ఏడుగురికి మందేమీ వాడకపోయినా పూర్తిగా తగ్గిపోతుంది. మెదడుకు రక్తం కాసేపు ఆగి మళ్ళీ అందితే చెయ్యీ కాలూ పడిపోయి, కొన్ని నిమిషాల్లోనో గంటల్లోనో మామూలైపోవడం రెండోది. అది రాబోయే ప్రమాదానికి హెచ్చరిక. నాకొచ్చిన అసలు పక్షవాతం మూడోది. మొదటి రెండూ తగ్గిన కేసులన్నీ చూపించి మూడోదానికి మందు అమ్ముతారు. తగ్గినవాడు ఊరంతా చెబుతాడు. తగ్గనివాడు పథ్యం సరిగ్గా చెయ్యలేదని తనను తానే తిట్టుకుంటూ మంచంమీద ఉంటాడు. అతన్ని ఎవరూ లెక్కెయ్యరు.

పోయేదేముంది అంటారా?

"నమ్మకం ఉంటే తప్పేముంది? పోయేదేముంది?" అని అడిగే మధ్యేవాదులు మన మిత్రుల్లోనే చాలామంది ఉన్నారు. పోయేదేమిటో చెబుతాను.

మా వీధిలోనే ఒక లారీ డ్రైవరున్నాడు. నలభై దాటాయంతే. నాకంటే రెండు నెలల ముందు అతనికి కుడివైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే పసరు వైద్యానికి తీసుకెళ్ళారు. నలభై ఒక్క రోజుల పథ్యం. గాలి తగలకూడదు, కదలకూడదు, ఇంగ్లీషు మందులు వాడకూడదు. రక్తపోటు మాత్రలు ఆపేశారు. రెండోసారి పక్షవాతం రాకపోవడం అతని అదృష్టం. కదలని కుడిచెయ్యిని పట్టుకుని గుంజి లేపారు. జబ్బలో కండరాల పట్టు లేనప్పుడు చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు దెబ్బతింటుంది, నొప్పి నెలల తరబడి వదలదు. నలభై ఒక్క రోజులూ అయ్యేసరికి మోచెయ్యి ముడుచుకుపోయింది, వేళ్ళు పిడికిలిలా బిగుసుకుపోయాయి. ఇప్పుడతను కుంటుకుంటూ నడుస్తాడు. స్టీరింగు మాత్రం మళ్ళీ పట్టుకోలేడు. అతని భార్య రెండిళ్ళలో పనికి కుదిరింది. కూతురు ఇంటర్ మధ్యలో మానేసింది. మొదటిరోజు నుంచీ వ్యాయామం చేయించి ఉంటే పూర్తిగా బాగయ్యేవాడని నేననను, అలా అనడానికి ఎవరికీ ఆధారం లేదు. కానీ ఆ ఆరు వారాలూ అతనివి. వాటిని అతని దగ్గర్నుంచి లాక్కున్నారు. పోయింది అదీ!

ఇంకా ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మొదట్లో మింగడం సరిగ్గా రాదు. అలాంటి మనిషికి నోట్లోనో ముక్కులోనో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. స్పర్శ తెలియని కాలికి వేడివేడి కాపడం పెడితే బొబ్బలెక్కుతాయి, రోగికి ఆ సంగతే తెలియదు.

పక్షవాతం నయం చేస్తామని ప్రకటనలిచ్చుకోవడం ఈ దేశంలో నేరమని మీకు తెలుసా? 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో పక్షవాతం పేరు ఉంది. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. చట్టానికి డెబ్బై ఏళ్ళు దాటాయి. "పక్షవాతమునకు గ్యారంటీ వైద్యము" అన్న గోడరాతలు మీ ఊరి బస్టాండు దగ్గర ఎన్ని ఉన్నాయో ఓసారి లెక్కపెట్టండి.

మంత్రం లేదు, లెక్క ఉంది

మా ఇంటికొచ్చిన అమ్మాయి ఏం చేసిందో చెబుతాను. మొదటిరోజే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "అంకుల్, లేచి నిలబడటానికి ఏం కావాలో ఇవాళ చూద్దాం" అంది. పాదాలు వెనక్కి, ఒళ్ళు ముందుకి, బరువు రెండు కాళ్ళమీదా. పదిసార్లు. మర్నాడు పన్నెండు. చేతికింద తువ్వాలు పెట్టి బల్లమీద ముందుకీ వెనక్కీ జరపడం. స్టీలు గ్లాసు పట్టుకోవడం, వదలడం. పట్టుకోవడం కంటే వదలడం ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది. బట్టల క్లిప్పులు తీగకు పెట్టి తియ్యడం. గడప దాటడం. బాత్‌రూమ్‌లోకి అడుగుపెట్టి తిరిగి రావడం.

ఇంట్లో వైద్యానికున్న విలువ ఇక్కడే. ఆసుపత్రి నేల నున్నగా, సమతలంగా ఉంటుంది. మన బతుకు అలా ఉండదు. గడప ఉంటుంది, పెరట్లో తడి ఉంటుంది, ఎత్తు తక్కువ మంచం ఉంటుంది, చెయ్యిపట్టు లేని మెట్లుంటాయి. దాటాల్సిన గడప దగ్గరే దాటడం నేర్చుకోవాలి. ఇది నా ముచ్చట మాత్రమే కాదు. అమెరికాలో పక్షవాతం వచ్చిన 408 మందితో చేసిన ఒక పరిశోధన 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఒంటి బరువును పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించే ఖరీదైన యంత్రం ఒకవైపు, ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి చేయించే వ్యాయామాలు మరోవైపు. ఏడాది తర్వాత చూస్తే మొత్తంమీద 52 శాతం మందికి నడక మెరుగైంది, యంత్రం ఇంటి వ్యాయామాలను మించలేకపోయింది.

నేనొక నోటుబుక్కు పెట్టుకున్నాను. వరండాలో పది మీటర్లు కొలిచి సుద్దముక్కతో గీతలు గీయించాను. ప్రతి ఆదివారం స్టాప్‌వాచీతో నడక. మొదటిసారి 41 సెకన్లు. ఐదు నెలల చివర 14. కొన్ని వారాలు అంకె అస్సలు కదల్లేదు, ఒక వారం వెనక్కి కూడా వెళ్ళింది. అవి కూడా రాశాను. అంకె కదలని వారం ఆ అమ్మాయి వ్యాయామాలు మార్చింది. పథ్యం తప్పావని నన్ను తిట్టలేదు. తేడా గమనించారా?

ఇక ప్రేమ అనే జబ్బు గురించి. మంచినీళ్ళందించడం, అన్నం తినిపించడం, చొక్కా తొడగడం, అన్నీ ఇంట్లోవాళ్ళే చేసేస్తారు. "నువ్వు కదలకు నాన్నా" అంటారు. వాడని చెయ్యిని మెదడు మరిచిపోతుంది. దీనికి విరుగుడుగా బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతినే వాడేటట్టు చేసే పద్ధతి ఉంది. వేళ్ళు కొంతైనా కదిలేవాళ్ళకే అది పనికొస్తుంది. అలాంటి 222 మందిమీద అమెరికాలో చేసిన పరీక్ష 2006లో ప్రచురించారు. రెండువారాల సాధనతో వచ్చిన మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. మా ఆవిడ కాఫీ గ్లాసు నా ఎడమవైపు పెట్టడం మొదలుపెట్టింది. చూడటానికొచ్చినవాళ్ళకు అది నిర్దయగా కనిపించింది. నాకొచ్చిన సేవల్లో అంతకు మించింది లేదు.

మన త్రాసు అందరికీ ఒకటే

హేతువాదులమని చెప్పుకునేవాళ్ళం పావురాన్ని మాత్రమే ప్రశ్నించి ఊరుకుంటే చాలదు. తెల్లకోటు వెనక దాక్కున్న మాయను కూడా పట్టుకోవాలి. మొదటి వారంలో నాకు దొరికిన థెరపిస్టు వేరు. సంచీలోంచి ఒక యంత్రం తీసి, కాలికి నాలుగు ప్యాడ్లు అంటించి, అరగంట ఫోను చూసుకుని, డబ్బు తీసుకుని వెళ్ళేవాడు. "ముప్పై సిట్టింగులు సార్, గ్యారంటీ" అన్నాడు. గ్యారంటీ అన్న మాట వినగానే పసరు వాసనొచ్చింది నాకు. నాలుగోరోజు రావద్దన్నాను. కరెంటు పరికరాలన్నీ వృథా అని కాదు. పాదం వాలిపోతే నడిచేటప్పుడు కండరాన్ని ప్రేరేపించే పరికరాలకు కొంత ఆధారం ఉంది. కానీ రోగి పడుకుని ఉంటే యంత్రం పని చేసి నడక నేర్పదు. నేర్చుకోవాల్సింది మెదడు. అది చేస్తేనే నేర్చుకుంటుంది.

ఇంకో సంగతి చూడండి. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని మంచం దింపి పదేపదే నిలబెడితే త్వరగా కోలుకుంటాడని చాలామంది నిపుణులు నమ్మేవారు. అయిదు దేశాల్లో 2,104 మందితో పరీక్షించారు. 2015లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. మూడు నెలలకు బాగా కోలుకున్నవాళ్ళు తొందరపెట్టిన గుంపులో 46 శాతం, మామూలు పద్ధతి గుంపులో 50 శాతం. నమ్మకం తలకిందులైంది.

మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో మరో పరీక్ష జరిగింది. మామూలు వైద్యంతో పాటు కుటుంబ సభ్యుల్లో ఒకరికి శిక్షణ ఇచ్చి ఇంట్లో వ్యాయామాలు చేయిస్తే ఫలితం మెరుగవుతుందా అన్నది ప్రశ్న. 2017లో లాన్సెట్ ప్రచురించింది. ఆరు నెలలకు చనిపోయినవాళ్ళు, ఇతరులమీద ఆధారపడినవాళ్ళు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఏ తేడా లేదు. థెరపిస్టు లేకున్నా ఇంట్లోవాళ్ళకు నాలుగు ముక్కలు నేర్పి పంపితే చాలన్న చౌక ఉపాయానికి ఆధారం దొరకలేదు.

"చూశారా, మీ సైన్సు కూడా ఫెయిలైంది" అంటారా? అనండి. నాకు కావలసిందీ అదే. ఏ పుణ్యక్షేత్రమైనా 1,250 మంది భక్తులను చీటీలు తీసి రెండు గుంపులు చేసి, ఒక గుంపుచేత మొక్కించి, రెండో గుంపుచేత మొక్కించకుండా ఆగి, ఆరు నెలల తర్వాత లెక్కపెట్టి, "తేడా ఏమీ కనపడలేదు" అని ప్రపంచానికి ప్రకటించిందా? ఏ పసరు వైద్యుడైనా? తన ఓటమిని తానే లెక్కకట్టి అచ్చువేసుకునే ధైర్యం ఉన్నదాన్నే నేను నమ్ముతాను. మిగతావన్నీ అమ్మకాలు.

అంటు, సిగ్గు, డబ్బు

మూఢనమ్మకం ఒక్కటే ఫిజియోథెరపీకి అడ్డం అనుకుంటే మనం కూడా సగమే చూస్తున్నట్టు. "కొన్నిళ్ళల్లో చెప్పులు విప్పకముందే మేమెవరమో అడుగుతారు అంకుల్" అని చెప్పింది మా థెరపిస్టు. ముట్టుకోకుండా చెయ్యగలిగిన వైద్యం కాదిది. మగ థెరపిస్టు వస్తే కోడలికి వైద్యం మాన్పించే అత్తలున్నారు, ఆడమనిషి దొరికేదాకా ఆగుదామని రెండు నెలలు ఆగిన భర్తలున్నారు. మగవాడికి పక్షవాతమొస్తే భార్య రోజంతా వ్యాయామం చేయిస్తుంది. భార్యకొస్తే? "ఇంకేం చేస్తాంలెండి, కూర్చుని తింటే చాలు" అంటారు. ఇది ఏ పసరుకూ తీసిపోని విషం.

ఇక డబ్బు. రోజుకు 500 చొప్పున నెలకు 26 రోజులు, 13,000. ఐదు నెలలకు 65,000. నా బీమా పాలసీ ఇంటి వైద్యానికి పైసా ఇవ్వలేదు. నాకు పింఛనుంది కాబట్టి గడిచింది. ఆ డ్రైవరుకు? ఆసుపత్రివాళ్ళు డిశ్చార్జి కాగితం అడుగున "ఫిజియోథెరపీ చేయించుకోగలరు" అని ఒక ముక్క రాసి పంపేశారు. ఎక్కడ, ఎవరిచేత, ఏ డబ్బుతో? కాగితంలో లేదు. పసరు వైద్యుడు మాత్రం ఎదురుగా కూర్చుని, భుజంమీద చెయ్యివేసి, తగ్గుతుందని చెప్పాడు. వైద్యవ్యవస్థ ఖాళీగా వదిలేసిన కుర్చీలోనే మోసగాడు కూర్చుంటాడు.

ఇది మార్చలేనిదేమీ కాదు. తమిళనాడు 2021 ఆగస్టు 5న మొదలుపెట్టిన "మక్కళై తేడి మరుత్తువం" పథకంలో బీపీ, షుగరు మందులతో పాటు ఫిజియోథెరపీని కూడా ప్రభుత్వమే ఇంటికి పంపింది. కేరళ 2008లోనే మంచం పట్టినవాళ్ళ సంరక్షణకు విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా ఇంటికి వెళ్ళే ఏర్పాటు చేసింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్యవృత్తుల చట్టం ఫిజియోథెరపిస్టులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. పక్క రాష్ట్రాలు చేసిన పని మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి మండలానికీ ఎందుకు రాకూడదు? ఈ ప్రశ్న మనం అడగకపోతే ఎవరడుగుతారు?

మన సంఘాలవాళ్ళం ఊరూరా తిరిగి నిప్పులమీద నడిచి చూపిస్తాం, బూడిద సృష్టించి చూపిస్తాం. మంచిదే. కానీ ఆ సభకు రాలేక మంచంమీదున్న మనిషి సంగతేమిటి? ప్రతి శాఖా తన పట్టణంలోని అర్హులైన ఫిజియోథెరపిస్టుల జాబితా తయారుచెయ్యాలి. గోడమీది గ్యారంటీ వైద్యాలమీద 1954 చట్టం కింద ఫిర్యాదులివ్వాలి. ఇంటికి ఫిజియోథెరపీ పంపాలని కలెక్టర్లకు అర్జీలు పెట్టాలి.

మీ ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా మొదట గడియారం చూడండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికొచ్చే రోగికి అది నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత ముందైతే అంత మేలు. ఏ రకం జబ్బో తేల్చాల్సింది ఆసుపత్రిలోనే, వీధి అరుగుమీద కాదు. ఇంటికొచ్చాక వైద్యం చేస్తామని వచ్చే ప్రతి ఒక్కరినీ, పసరువాణ్ణయినా పట్టా ఉన్నవాణ్ణయినా, మూడు ప్రశ్నలడగండి. రోగిచేత ఏం చేయిస్తావు? మెరుగైందో లేదో దేంతో కొలుస్తావు? మెరుగు కాకపోతే ఏం మారుస్తావు? మూడింటికీ జవాబు చెప్పినవాణ్ణి లోపలికి రానివ్వండి. నమ్మకం ఉంచమన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపెయ్యండి.